ట్రిమ్: చేతికి తెలిసే బలం, లెక్కకు అందే కోణం

విమానం ఒకే వేగంతో, ఒకే ఎత్తున నిలకడగా సాగాలంటే తోకలోని ఎలివేటర్, అనగా ముక్కును పైకీ కిందికీ తిప్పే కీలు పలక, ఆ వేగానికి తగిన కోణంలో నిలిచి ఉండాలి. వేగం మారినా, ఇంధనం తరిగి గురుత్వ కేంద్రం జరిగినా ఆ కోణమూ మారుతుంది గనుక, పైలట్ కంట్రోల్ కాలమ్‌ను గంటల తరబడి లాగుతూనో నెడుతూనో ఉండవలసి వస్తుంది. ఆ శ్రమను తప్పించే ఏర్పాటే ట్రిమ్.

1924 నాటి రోటార్ నౌక ‘బుకావ్’తో పేరుపొందిన జర్మన్ ఇంజనీరు ఆంటన్ ఫ్లెట్నర్, పెద్ద చుక్కానిని దాని వెనుక అంచున అమర్చిన చిన్న పలకతో తిప్పే పద్ధతికి ఆద్యుడు. ట్రిమ్ ట్యాబ్ పనిచేసేదీ ఆ సూత్రంతోనే: చిన్న పలక కీలుకు దూరంగా ఉండడం వల్ల, దానిపై పడే గాలి బలం స్వల్పమే అయినా, అది ఎలివేటర్‌ను తనకు వ్యతిరేక దిశలో తిప్పి అక్కడే పట్టి ఉంచుతుంది. పెద్ద ప్రయాణికుల విమానాల్లో మాత్రం తోకలోని అడ్డరెక్క, అంటే స్టెబిలైజర్, మొత్తంగా వాలుతుంది.

కంప్యూటర్‌లో ఎగిరే విమానానికి ఇదంతా ఒక కూడిక. జేఎస్‌బీసిమ్ వంటి గణన వ్యవస్థల్లో జాయ్‌స్టిక్ సంకేతానికి ట్రిమ్ సంకేతాన్ని కలిపి, వచ్చిన మొత్తాన్ని ఎలివేటర్ కోణంగా మారుస్తారు. కోణం సరిగానే వస్తుంది, బలం రాదు. ట్యాబ్ ఉన్న అసలు విమానంలో ట్రిమ్ చేశాక కాలమ్ కొత్త స్థానంలోనే తేలికై నిలుస్తుంది. ఇంట్లోని జాయ్‌స్టిక్‌ను స్ప్రింగు ఎప్పుడూ నడిమికే లాగుతుంది గనుక, ట్రిమ్ పెరిగే కొద్దీ చేతిని మెల్లగా నడిమికి తేవాలి. ఈ అలవాటు అసలు విమానంలో పనికిరాదు.

సిమ్యులేటర్ విమానాన్ని రూపొందించేవారికి ట్రిమ్ పరిధి ఎంచుకోవడం చిన్న విషయం కాదు. పరిధి చాలకపోతే ఫ్లాపులు, అంటే రెక్కల వెనుక అంచు పలకలు, దించినప్పుడు ముక్కు నిలవదు, ఎక్కువైతే ఒక్క నొక్కుకే విమానం ఎగిరిపడుతుంది. అయితే గురుత్వ కేంద్రాన్ని మరీ వెనక్కి పెట్టి, ఆ అస్థిరతను ట్రిమ్‌తో సరిదిద్దాలని చూడడం వృథా. సమతూకం ఒక క్షణం కుదిరినా, చిన్న కుదుపుకే చెదిరిపోతుంది.

బలాన్ని అనుకరించడంలోని ఈ లోపం ఇంటి ఆటకే పరిమితం కాలేదు. 2018 అక్టోబరులో, 2019 మార్చిలో కూలిన రెండు బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల్లోనూ ఎంక్యాస్ అనే స్వయంచాలక వ్యవస్థ స్టెబిలైజర్‌ను ముక్కు దిగే వైపు మళ్లీ మళ్లీ తిప్పింది. అధిక వేగంలో ఆ స్టెబిలైజర్‌ను చేతి చక్రంతో వెనక్కి తిప్పడం ఎంతటి కష్టమో శిక్షణ సిమ్యులేటర్లు యథాతథంగా చూపలేకపోయాయి. వాటి సాఫ్ట్‌వేర్‌ను సవరించినట్లు బోయింగ్ 2019 మేలో ప్రకటించింది.