చలి పడ్డాక వేస్తే క్యాబేజీకి ఆలస్యమే

క్యాబేజీ చలికాలపు పంట అన్న మాట నిజం. ఇంటితోటల్లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ కూడా ఆ నిజంలోంచే పుట్టింది: చలి పడ్డాకే విత్తనం వేయాలని. డిసెంబరు వచ్చేసరికి బజారు నిండా క్యాబేజీ కనిపిస్తుంది, ధర దిగుతుంది, పెరట్లో మనమూ వేద్దామన్న ఆలోచన సరిగ్గా అప్పుడే కలుగుతుంది. అలా పోసిన నారు జనవరిలో నాటుకొస్తుంది. మొక్క ఏపుగా ఆకులు వేస్తుంది. గడ్డ కట్టాల్సిన మార్చి నాటికి ఎండ ముదురుతుంది, ఆకులు ఎంతకీ ముడుచుకోవు. అప్పుడు నేరమంతా విత్తనాల కొట్టు మీదకో, మట్టి మీదకో, కుండీ మీదకో పోతుంది. చాలాసార్లు వాటి తప్పేమీ ఉండదు, లెక్క తప్పింది తేదీ దగ్గర.

గడ్డ అనే మాటే మనల్ని కొంత దారి తప్పిస్తుంది. ముల్లంగిలా అది వేరూ కాదు, వంకాయలా కాయా కాదు. క్యాబేజీ అంటే కాండం కొసన విచ్చుకోకుండా ఆకు మీద ఆకు పేర్చుకున్న ఒక పెద్ద మొగ్గ. క్యాలీఫ్లవర్, బ్రకోలీ, నూల్‌కోల్ దీనితో ఒకే జాతివి. వాటిలో ఒకచోట పూగుత్తి ఉబ్బింది, ఒకచోట కాండం ఉబ్బింది, ఇక్కడ కొనమొగ్గ ఉబ్బింది. సహజంగా ఇది రెండేళ్ల మొక్క. మొదటి ఏడాది మొగ్గలో ఆహారం దాచుకుని, చలికాలం గడిచాక రెండో ఏడాది పూస్తుంది. ఆ మొగ్గ బిగుసుకోవడానికి 15 నుంచి 20 డిగ్రీల వాతావరణం అనువు. పగలూ రాత్రీ కలిపి సగటు 25 దాటిందంటే బిగువు సడలుతుంది. మరో సంగతి, ఇంటివాళ్లు తరచూ గమనించనిది: మొలకకు ఈ పట్టింపు లేదు. 25–30 డిగ్రీల వేడిలో విత్తనం వారంలోపే మొలకెత్తుతుంది. అంటే చలి కావలసింది విత్తేటప్పుడు కాదు, చివరి నెలలో.

కాబట్టి లెక్క వెనకనుంచి వేసుకోవాలి. మన మైదానాల్లో చలి గట్టిగా ఉండేది డిసెంబరు నడిమి నుంచి జనవరి నడిమి దాకా. గోల్డెన్ ఏకర్ వంటి స్వల్పకాలిక రకం నాటిన 60–65 రోజులకు కోతకొస్తుంది. నారుకు మరో 25–30 రోజులు. అటునుంచి లెక్కిస్తే విత్తనం పడాల్సింది సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు ఆఖరు లోపల. పండగల్లో చెప్పుకుంటే దసరాకు విత్తనం, నాగుల చవితి దాటాక నాట్లు, సంక్రాంతి చుట్టుపక్కల కోత. హైదరాబాదు పీఠభూమి మీద ఉంది కనుక అక్కడ రాత్రులు బాగా చల్లబడతాయి, వారం పది రోజులు అటూ ఇటూ అయినా నడుస్తుంది. విజయవాడ వంటి చోట రాత్రి వేడి అంతగా దిగదు, అందుకని అక్కడ స్వల్పకాలిక రకాలనే నమ్ముకోవాలి, తేదీ జరగనివ్వకూడదు. మదనపల్లె, అరకు వాళ్లకు ఈ బెంగ తక్కువ.

ఇంత పట్టింపే ఉంటే మే నెలలోనూ బజార్లో క్యాబేజీ ఎలా దొరుకుతోందని ఎవరైనా అడగవచ్చు. సబబైన ప్రశ్నే. దానికి రెండు కారణాలు. బెంగళూరు చుట్టుపక్కల ఎత్తైన నేలలు, నీలగిరులు వేసవిలోనూ మనకంటే చల్లగా ఉంటాయి, క్యాబేజీ అక్కడినుంచి దిగుతుంది. రెండోది, వేడిని కొంత తట్టుకునే హైబ్రిడ్లు వచ్చాయి. వాటిని కాదనడం లేదు. అయితే తట్టుకోవడం వేరు, ఇష్టపడడం వేరు. వేసవిలో వాటి గడ్డలూ చిన్నవవుతాయి, పురుగు ఒత్తిడి పెరుగుతుంది, తడి ఒక్కపూట తప్పినా మొక్క వాడుతుంది. రైతు దాన్ని డ్రిప్పుతో, రోజువారీ కాపలాతో నెట్టుకొస్తాడు. ఆఫీసుకు పోయి వచ్చి సాయంత్రం నీళ్లు పోసే ఇంట్లో అది సాగే పని కాదు. నీడ వల కింద పెడితే సరిపోతుందనుకుంటారు కానీ, వల పగటి ఎండను ఆపుతుందే తప్ప రాత్రి ఉక్కను ఆపదు. పైగా వెలుతురు చాలకపోతే ఆకు కాడలు సాగి మొగ్గ మరింత వదులవుతుంది. రోజుకు ఆరు గంటల ఎండ ఈ మొక్కకు కావాలి.

గడ్డ అంటే మొగ్గేనన్న సంగతి పట్టుకుంటే మిగతా అపోహలు చాలావరకు వాటంతటవే రాలిపోతాయి. ఆకుల్ని దారంతో కడితే గడ్డ కడుతుందంటారు. కట్టడం క్యాలీఫ్లవర్ పువ్వు ఎండకు పసుపెక్కకుండా చేసే పని, క్యాబేజీ లోపలినుంచి నిండుతుంది. కింది ఆకులు తుంచితే బలమంతా గడ్డకు పోతుందంటారు. నిజానికి ఆ వెడల్పాటి బయటి ఆకులే మొగ్గకు వంట చేసి పెట్టేవి. పండినవి, రోగం తగిలినవి మాత్రం తీసేయాలి. ఒకే గ్రోబ్యాగులో మూడు మొక్కలు పెడితే మూడు గడ్డలు వస్తాయన్నదీ ఇలాంటి ఆశే, వచ్చేవి మూడు పిడికిళ్లు. మడిలో మొక్కకీ మొక్కకీ 45 సెంటీమీటర్లు, కుండీ అయితే కనీసం అడుగు లోతు, అడుగు వెడల్పు, దానికి ఒకటే మొక్క. యూరియా ఎంత వేస్తే అంత పెద్ద గడ్డ అన్న నమ్మకం మరీ ప్రమాదం. నత్రజని మొదటి నెలలో ఆకు కోసం అవసరం. గడ్డ బిగిసే దశలో ఎక్కువ వేస్తే కణజాలం మెత్తబడి పగుళ్లు, కుళ్లు వస్తాయి. బెట్టకు వదిలి ఒక్కసారిగా నీళ్లు పెట్టినా పగులుతుంది. నీరు కొంచెం కొంచెంగా, రోజూ ఒకే తీరున అందాలి.

పురుగు విషయంలో రెండు వైపులా అతి ఉంది. క్యాబేజీ పురుగు మెదడులోకి పోతుందన్న భయం ఒకటి. ఆకు తినే పచ్చపురుగుకూ మెదడులో తిత్తులు కట్టే బద్దెపురుగుకూ సంబంధమే లేదు. ఆ రెండోదాని గుడ్లు మనుషుల మలంతో కలుషితమైన మట్టి, నీటి ద్వారా ఏ పచ్చి కూరకైనా అంటవచ్చు. శుభ్రమైన నీటితో పెంచి, కడిగి, ఉడికించి తినే ఇంట్లో ఆ భయం అక్కర్లేదు. రెండో అతి, మందు కొడితే చాలన్న ధీమా. డైమండ్ రెక్కల పురుగు మందుల్ని ఓడించడంలో పేరుమోసింది. డీడీటీకి అది లొంగడం లేదని 1953లోనే జావాలో గుర్తించారు. వేప కషాయం పనిచేస్తుంది, కానీ ఆకు అడుగున పడాలి. మైనపు పూత వల్ల నీరు జారిపోతుంది కనుక కాస్త సబ్బు కలపాలి. అన్నిటికంటే ముఖ్యం, గడ్డ ముడుచుకోక ముందే కొట్టాలి. పురుగు పొరల్లోకి దూరాక ఏ మందూ దాన్ని చేరదు. పక్కన నాలుగు ఆవమొక్కలు ముందుగానే వేస్తే తల్లిపురుగులు చాలావరకు అటు మళ్లి వాటిమీదే గుడ్లు పెడతాయి.

ఇంట్లోనే విత్తనం కట్టుకోవచ్చన్న ఆశ మాత్రం వదులుకోవాలి. పూయాలంటే ఈ మొక్కకు వారాల తరబడి గట్టి చలి తగలాలి. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ క్యాబేజీ పనిని హిమాచల్‌లోని కులూ లోయలో, కాట్రాయిన్ కేంద్రంలో పెట్టుకున్నది అందుకే. బజారు గడ్డ మొదలును నీళ్లలో పెడితే కొత్త క్యాబేజీ వస్తుందని చూపించే వీడియోల్లో కనిపించేవి పక్కమొగ్గల చిగుళ్లు, అంతే. అదే పెరటి మొక్కయితే బొటనవేలితో నొక్కితే గట్టిగా తగిలినప్పుడు గడ్డను కోసి, కింది ఆకులతో సహా మొదలును నేలలోనే ఉంచితే, పక్కమొగ్గలు మూడు నాలుగు చిన్న గడ్డలు కట్టవచ్చు, అదీ చలి ఇంకా మిగిలి ఉంటేనే. ఫిబ్రవరి దాటాక కోసినవాళ్లు మొదలు పీకేసి ఆ మడిలో తోటకూర చల్లుకోవడం మేలు.