శోషరసము – మర్దనము

అరికాలిలో ముల్లు విరిగి చీము పట్టినప్పుడు గజ్జలో బిళ్ళ కట్టుట పల్లెలో పెరిగినవారికి తెలిసిన సంగతియే. గాయము ఎక్కడ, బిళ్ళ ఎక్కడ! ఈ రెంటినీ కలుపు దారి ఒకటి మన శరీరమున గలదు. దానికే శోషరస వ్యవస్థ అని పేరు.

రక్తము సూక్ష్మ కేశనాళికలను చేరినప్పుడు అందలి నీరు, కొంత మాంసకృత్తు బయటికి ఊరి కణముల నడుమ నిలుచును. ఈ ద్రవమును సన్నని శోషరస నాళములు గ్రహించి, దారిలోనున్న కణుపులలో వడకట్టి, మెడ అడుగునగల పెద్ద సిరలలో కలుపును. దినమునకు రెండు మూడు లీటర్ల రసము ఇట్లు రక్తమును చేరును. గజ్జలో కట్టిన బిళ్ళ అట్టి కణుపే. రక్తమును నడుపు గుండె వంటి సాధనము ఈ రసమునకు లేదు. నాళముల స్వల్ప సంకోచము, కండరముల కదలిక, ఊపిరి, రసమును వెనుకకు పోనీయని కవాటములు, ఇవియే దానికి ఆధారము. దారి చెడినచో రసము నిలిచిపోయి అవయవము వాచును.

మన ఓబులదేవరచెరువు పేరులోనే చెరువున్నది గనుక చెరువు భాషలోనే చెప్పుకొందము. తూము క్రింది కాలువ పూడియున్నప్పుడు తూము ఎంత ఎత్తినను నీరు సాగదు. ముందు దిగువ పూడిక తీయవలెను. శోషరస మర్దనమున పాటించు క్రమము ఇదియే. వాచినది పాదమైనను చేయి మొదట మెడవద్ద, పిమ్మట పొట్టమీద, గజ్జలలో ఆడవలెను. ఆ తరువాత తొడ, మోకాలు, చిట్టచివర పాదము. కాలిమీద ఎచ్చట నిమిరినను రసమును పైకి నడుపునట్లే నిమురవలెను.

ఇక ఒత్తిడి మాట. మాలిష్ అనగానే మనకు నూనె పట్టించి కండలు పిసుకుటయే తోచును. ఈ మర్దనము దానికి పూర్తిగా భిన్నము. శోషరస నాళములు అనేకము చర్మము క్రిందనే ఉండును. గట్టిగా పిసికినచో అవి అణగిపోవును. చర్మమును కొంచెము సాగదీసి వదలునంత ఒత్తిడి చాలును. మర్దనలో గట్టిది వేరు, మృదువైనది వేరు అని ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’లో వేయి సంవత్సరముల క్రిందటనే వివరించెను. యూనానీ హకీములు దీనినే ‘దలక్’ అందురు. అయితే శోషరసమును నడుపుటకే ప్రత్యేకించిన మర్దన పద్ధతిని రూపొందించినవారు డెన్మార్కు దేశీయులైన ఎమిల్ వోడర్, ఎస్ట్రిడ్ దంపతులు. 1930 తరువాతి సంవత్సరములలో ఫ్రాన్సులోని కాన్ నగరమున దానిని తీర్చిదిద్ది, 1936లో పారిస్‌లో లోకమునకు తెలిపిరి.

ఈ విద్య అవసరము తెలుగునాట ఎక్కువగా బోదకాలు గలవారికి. సంస్కృత వైద్యులు దీనిని శ్లీపదమన్నారు. ఉర్దూలో ఫీల్‌పా, అనగా ఏనుగు పాదము. నీరు నిలిచి ఎల్లకాలము చల్లగానుండు ప్రదేశములలో శ్లీపదము అధికమని సుశ్రుత సంహిత చెప్పుచున్నది. ఆ మాట మన కోస్తా జిల్లాలకు చక్కగా అన్వయించును. మన మెట్ట సీమలో ఈ వ్యాధి అంతగా కనబడదు. దీని సూక్ష్మక్రిములు దోమలో పెరుగునని 1877లో పాట్రిక్ మాన్సన్ కనుగొనెను. దేశములో ఈ వ్యాధి గల జిల్లాలలో 2004 నుండి సామూహికముగా మాత్రలు పంచుట జరుగుచున్నది. మాత్ర క్రిమిని అణచి వ్యాధి వ్యాపింపకుండ చేయును గాని, చెడిపోయిన నాళమును బాగుచేయదు. కుచ్చెళ్ళ చాటున కాలు దాచుకొని పెండ్లిండ్లకు పోవుట మానిన స్త్రీకి, మాత్ర తరువాత కూడ కావలసినది ఏమన్నది ప్రశ్న. రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగి, చంకలోని కణుపులు తీసివేయుటచే చేయి వాచిన వారిదియు ఇదే ప్రశ్న.

మర్దనమొక్కటే దీనికి సమాధానము కాదు. రొమ్ము క్యాన్సరు తరువాతి చేతివాపుపై జరిగిన పరిశోధనలను 2015లో కాక్రేన్ సంస్థ సమీక్షించెను. బిగువు కట్టుతోనే వాపు 30 నుండి 38 శాతము వరకు తగ్గగా, మర్దనము చేర్చినప్పుడు మరి 7 శాతము తగ్గెనని అందు తేలినది. అనగా పెద్దపాలు కట్టుదే. మర్దనముతో విషములు పోవును, కొవ్వు కరుగును అను ప్రకటనలను నమ్మరాదు; వ్యర్థములను తీసివేయు పని కాలేయము, మూత్రపిండములు చేయుచునే యున్నవి. నీరు కదలుటచే ఒకపూట నడుము కొలత తగ్గినను కొవ్వు తగ్గినట్లు కాదు. వాతలు పెట్టుట, కత్తితో గాట్లు వేయుట మరింత హాని; ఆ గాట్లే క్రొత్త చీముకు ద్వారములగును.

కాలు ఎర్రబారి చలిజ్వరము వచ్చినను, పిక్కలో రక్తము గడ్డకట్టినదను అనుమానమున్నను, గుండె బలహీనమై కాళ్ళు వాచినను మర్దనము చేయరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను.

ఇంటివద్ద ఎవరైన చేసికొనగల పని శుభ్రత. ఈ జ్వరములు తరచుగా వ్రేళ్ళ సందుల పగుళ్ళనుండియే మొదలగును. వజూ చేయునప్పుడు కాలివ్రేళ్ళ నడుమ చేతివ్రేలు పోనిచ్చి కడుగుట మనలో అనేకులకు చిన్ననాటి అలవాటు. వాచిన కాలికి వైద్యులు చెప్పునదియు అదే. కడిగిన పిదప ఆ సందులను పొడిగుడ్డతో తడి లేకుండ మెల్లగా అద్దవలెనని మాత్రము అదనముగా చెప్పుదురు.