వెళ్లిన డాక్టరు తిరిగొస్తాడా?



నాగలమడికలో సుబ్రహ్మణ్యస్వామి తేరుకు దూరాన ఉన్న బిడ్డలు ఊరు చేరతారు. అమెరికాలో డాక్టరుగా ఉన్న కొడుకు కూడా వస్తే అరుగు మీది పెద్దలు ఆపుకోలేరు. "ఇక్కడికే వచ్చేస్తావా నాయనా?" అని అడుగుతారు. అతను నవ్వి ఊరుకుంటాడు. ఫ్లోరైడు నీళ్లతో మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లున్న తాలూకాలో ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు.

వచ్చినవాళ్లు లేకపోలేదు. కృష్ణా జిల్లాకు చెందిన డాక్టర్ కాకర్ల సుబ్బారావుగారు 1950లలో అమెరికాలో ఎక్స్‌రే వైద్యం నేర్చుకుని హైదరాబాదు వచ్చారు. 1970లో మళ్లీ వెళ్లారు. 1980లలో ఎన్.టి. రామారావుగారు పిలిస్తే వచ్చి నిమ్స్ ఆసుపత్రిని నిలబెట్టారు. రాకపోకలు ఒక్కసారితో తేలేవి కావని ఆయన జీవితమే చెబుతుంది.

అయితే అందరూ అలా వస్తారనుకోకండి. 1989 నుంచి 2000 వరకు ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్యం చదివినవారిలో నూటికి సుమారు 54 మంది విదేశాల్లో ఉన్నట్టు 2008లో వెలువడిన ఒక పరిశీలన తేల్చింది. అమెరికాకు జె-1 వీసా మీద శిక్షణకు వెళ్లిన డాక్టరు, అది ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది నియమం. కానీ డాక్టర్లు కరువైన అమెరికా ప్రాంతాల్లో మూడేళ్లు పనిచేస్తానంటే ఆ షరతు మినహాయించే పథకం 1994లో వచ్చింది. మన పల్లెకు రాని డాక్టరు వాళ్ల పల్లెకు పోతున్నాడన్నమాట! ఆ మూడేళ్లలో ఇల్లు కొంటాడు, పిల్లలు అక్కడి బడిలో చేరతారు. నన్నడిగితే, డబ్బు కన్నా ఆ బడే గట్టిగా కట్టిపడేస్తుంది.

వచ్చినా ఎక్కడికి వస్తారన్నది ఇంకో మాట. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1986లో అమెరికా వదిలి వచ్చి, మరుసటి ఏడాది హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని ఆరంభించారు. అదీ నగరమే. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. 1996లో మహారాష్ట్ర సరిహద్దున, మనలాంటి మూలనే ఉన్న ముధోల్‌లో ఒక కంటి ఆసుపత్రి వెలిసింది. ఆపైన పల్లెల్లో చిన్న కంటి కేంద్రాలు పెట్టి, ఆ చుట్టుపక్కల యువతీయువకులకే ఏడాది శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టారు. వాళ్లు చూపు పరీక్షించి, కళ్లజోడు ఇచ్చి, ఆపరేషన్ అవసరమైనవారిని పైకి పంపుతారు. డాక్టరు పల్లెలో కాపురం పెట్టకపోయినా వైద్యం పల్లెకు చేరింది.

మన పక్కనే పుట్టపర్తిలో 1991లో మొదలైన పెద్దాసుపత్రి చూశారు కదా. కొద్ది రోజుల సేవకని విదేశాల నుంచి వచ్చే వైద్యులు అక్కడ కనిపిస్తారు. పూర్తిగా రానివాడు అలా రావచ్చు.

కనుక ఈసారి తేరుకు వచ్చిన డాక్టరును "ఎప్పుడొచ్చేస్తావు?" అని కాక, "ఏడాదికి ఎన్నాళ్లు, ఏ నెలలో రాగలవు?" అని అడగండి. తేదీ ముందే చెబితే ఆశా కార్యకర్త మోకాళ్ల నొప్పులవాళ్లను, చూపు మందగించినవాళ్లను రాసిపెట్టి ఉంచుతుంది. ఇక్కడి మెడికల్ కౌన్సిల్‌లో తన రిజిస్ట్రేషన్ సంగతి చూసుకుని రమ్మని కూడా చెప్పండి; అది లేనిదే ఇక్కడ మందు రాయకూడదు.