ఫోన్ మార్చాలా, బ్యాటరీ మార్చాలా?

పండగ సేల్ మొదలైతే చాలు, మా పెద్దేముల్ నుంచి తమ్ముళ్ల మెసేజ్‌లు మొదలైతయ్: "అన్నా, ఫోన్ స్లో అయింది. కొత్తది కొనాల్నా?"

నేను ముందు అడిగేది సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ. సెట్టింగ్స్‌లో 'ఎబౌట్ ఫోన్'లోకో, 'సెక్యూరిటీ'లోకో వెళ్తే కనిపిస్తుంది. (కిందే ఉండే గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ వేరు, దాన్ని చూసి మురిసిపోకండి.) ఆ తేదీ దాటి ఏడాది అయిపోయిందంటే కంపెనీ మీ మోడల్‌ని దాదాపు వదిలేసినట్టే. కంది అమ్మిన డబ్బులు పడే అకౌంట్, యూపీఐ, ఓటీపీ అన్నీ ఆ ఫోన్‌లోనే ఉన్నయ్ కదా. అలాంటప్పుడు మార్చడమే మంచిది. అయితే వాట్సాప్‌లో వచ్చిన దొంగ ఏపీకేని మనమే ఇన్‌స్టాల్ చేస్తే ఏ ప్యాచూ కాపాడలేదు.

అప్‌డేట్లు వస్తూనే ఉండి, చార్జింగ్ మాత్రం నిలవట్లేదా? అది బ్యాటరీ సమస్య. ఐఫోన్ 14 వరకు మోడళ్ల బ్యాటరీ 500 ఫుల్ చార్జ్ సైకిళ్లకు 80 శాతం కెపాసిటీ నిలుపుకునేలా తయారైందని యాపిలే చెప్తుంది. ఐఫోన్ 15 నుంచి ఆ లెక్క 1000. ముసలి బ్యాటరీ ఒక్కసారిగా కావాల్సినంత కరెంట్ ఇవ్వలేదు, అందుకే 20 శాతం దగ్గరే ఫోన్ ఆగిపోతుంటుంది. సర్వీస్ సెంటర్లో బ్యాటరీ మార్పించండి. స్టోరేజ్ నిండితే కూడా ఫోన్ నత్తలా నడుస్తుంది, ముందు వాట్సాప్ వీడియోలు డిలీట్ చేసి చూడండి.

ఇక 5జీ. మన దేశంలో 2022 అక్టోబర్ 1న మొదలైంది. ఊళ్లో ఉండేవాళ్లు బాక్స్ మీద '5జీ' అని చూసి ఆగొద్దు, బ్యాండ్ల లిస్టులో ఎన్28 ఉందేమో చూడాలి. అది 700 మెగాహెర్ట్జ్. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గరుండే ఎన్78 కన్నా దూరం పోతుంది, మందపాటి రాతి గోడల్లోనూ మెరుగ్గా దూరుతుంది. 2022 వేలంలో దాన్ని కొన్న ప్రైవేటు కంపెనీ జియో ఒక్కటే, కాబట్టి మీ సిమ్ ఏదో కూడా చూసుకోండి.

కొనక తప్పదంటే ధరను మిగిలిన అప్‌డేట్ ఏళ్లతో భాగించండి. 14 వేల ఫోన్‌కి రెండేళ్లే మిగిలితే ఏడాదికి 7 వేలు. 20 వేల ఫోన్‌కి ఐదేళ్లుంటే 4 వేలే! గెలాక్సీ ఏ16 5జీ లాంటి మామూలు ఫోన్‌కే శాంసంగ్ ఆరేళ్లు ఇస్తానంది. కానీ ఆ ఏళ్లను ఎక్కువగా మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్కేస్తారు, మీరు కొన్న రోజు నుంచి కాదు. సేల్‌లో సగం ధరకొచ్చే రెండేళ్ల కిందటి మోడల్‌కి ఈ లెక్క తప్పకుండా వేయండి.