ముఠా పట్టుబడ్డాక మొదలయ్యే వణుకు

2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ పాత బోయినపల్లిలోని ఒక బడి భవనంపై ‘ఈగల్’ పోలీసులు దాడి చేసి అల్ప్రాజోలం తయారీని పట్టుకున్నారు. ఒకవైపు పిల్లలకు పాఠాలు, ఇంకోవైపు మత్తుమందు! మల్కాజ్‌గిరి, తార్నాక నుంచి అది ఎంతో దూరం లేదు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ‘మన వీధి భద్రమేనా?’ అన్న గుబులు సహజం.

మెక్సికోలోలా నడివీధిలో తుపాకులు పేల్చే ముఠాలు మనకు లేవు. ఇక్కడ ఈ వ్యాపారం చప్పుడు లేకుండా సాగుతుంది. దాని హింస చాలావరకు ఇంట్లోనే. బీరువాలో డబ్బు మాయమవుతుంది, కొడుకు తల్లి మీద చేయి చేసుకుంటాడు. డబ్బుకు దారులన్నీ మూసుకుపోయాకే కొందరు వీధిలో ఫోను లాక్కోవడం దాకా వెళ్తారు. అలాగని ప్రతి గొలుసు దొంగతనాన్నీ మత్తుకు అంటగట్టలేం. భయంతో ఉస్మానియా క్యాంపస్‌లో సాయంత్రం నడక మానేయాలనుకునే వారికి నా సలహా ఒక్కటే, నలుగురు కలిసి వెళ్లండి. జనం తగ్గేకొద్దీ ఆ దారి ఇంకా నిర్మానుష్యమవుతుంది. పైగా ఇంట్లో కూర్చుంటే షుగరు తగ్గదు.

వైద్యుడిగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది సరఫరా తెగిన తర్వాతి కొద్ది రోజులు. అల్ప్రాజోలం మేం ఆందోళనకు రాసే మందే. కల్తీ కల్లులో దొంగచాటుగా కలిపేదీ అదే. కొన్నిచోట్ల డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కూడా కలుపుతారు. నెలల తరబడి అలవాటుపడిన మెదడుకు అది ఒక్కసారిగా అందకపోతే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర ఉండదు. ఎవరో తరుముతున్నట్టు భ్రమలు కలగొచ్చు, ఫిట్స్ రావచ్చు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇలాంటి వారు వందల్లో ఆసుపత్రుల పాలయ్యారు. చూసేవాళ్లకు మాత్రం పిచ్చివాడిలానో, దొంగలానో కనిపిస్తారు. కొందరు దెబ్బలు కూడా తింటారు.

‘రెండు రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే దారికొస్తాడు’ అనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. అల్ప్రాజోలం, మద్యం విషయంలో ఆ పని ప్రాణం తీయొచ్చు. ఆసుపత్రిలో మందు మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తాం. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఏ లాభమూ లేదు, నోట్లో మాత్రం ఏదీ పెట్టొద్దు.

చాలామంది దాచిపెట్టేది పోలీసు కేసుకు భయపడి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైన వ్యక్తి వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసులో ఉన్నా, తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్లకు ఇది వర్తించదు. వాళ్ల సమాచారం చెప్పడానికి 1908 ఉంది. వ్యసనం మాన్పించే సలహాకు 14446కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఇంట్లో దొరికిన ఖాళీ మాత్రల షీట్లు, సీసాలు పారేయకుండా వెంట తీసుకురండి. ఏది, ఎంత వాడుతున్నారో తెలిస్తే మోతాదు నిర్ణయించడం తేలికవుతుంది.