కాఫీ డబ్బా పక్కన మాత్రల సీసా

మా మేనత్తగారి వంటింటి గట్టు మీద కాఫీ పొడి డబ్బా, థైరాయిడ్ మాత్రల సీసా పక్కపక్కనే ఉండేవి. పొద్దున లేవగానే మాత్ర వేసుకునేది, రెండు నిమిషాలకు కాఫీ తాగేది, ఆ వెంటనే మోకాళ్ల కోసమని కాల్షియం బిళ్ళ మింగేది. రెండేళ్లలో డోసు 50 నుంచి 75కి, 75 నుంచి 100 మైక్రోగ్రాములకు పెరిగింది. డాక్టరుకు ప్రతిసారీ రిపోర్టు చూపించింది కానీ కాఫీ సంగతి ఆయన అడగలేదు, ఈవిడా చెప్పలేదు.

అపోహ: "టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ పెరిగినట్టే."

సరిగ్గా తలకిందులు. టీఎస్‌హెచ్‌ను విడుదల చేసేది మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి. కాలువ చివరి పొలం రైతు నీళ్లు అందనప్పుడు గొంతు పెంచుతాడు, అందితే ఊరుకుంటాడు. టీఎస్‌హెచ్ కూడా అలాంటి కేకే. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే అది పెరుగుతుంది, ఎక్కువైతే పడిపోతుంది. రిపోర్టులో అంకె పెద్దదిగా కనబడగానే "పెరిగిపోయింది కదా" అని మాత్ర తగ్గించుకునేవాళ్లు ఉన్నారు. పూర్తిగా మానేసేవాళ్లూ ఉన్నారు.

అపోహ: "మాత్ర వేసుకుంటున్నా అంకె దిగలేదు, డోసు చాలట్లేదు."

కావచ్చు. అయితే అంతకంటే ముందు చూడాల్సింది మింగిన మాత్ర ఒంటికి పట్టిందా లేదా అన్నది. లెవోథైరాక్సిన్‌ను, అంటే ఈ థైరాయిడ్ మాత్రను, పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా కాఫీ, టీ, టిఫిన్ ఏవీ వద్దు. కాల్షియం, ఐరన్ మాత్రలకు, గ్యాస్ కోసం తాగే యాంటాసిడ్ సిరప్‌లకు నాలుగు గంటల ఎడం కావాలి. పొద్దున కుదరనివాళ్లు డాక్టరును అడిగి, రాత్రి భోజనమైన మూడు గంటలకు పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. సీసాను పొయ్యి వేడికి, తేమకు దూరంగా ఉంచాలి.

మా అత్తయ్య విషయంలో ఇంకో మెలిక ఉంది. ఎవరో చెప్పారని పరగడుపున వేసుకోవడం మొదలుపెట్టింది, కాల్షియాన్ని మధ్యాహ్నానికి మార్చింది. డాక్టరుకు చెప్పలేదు. సగం పట్టే రోజుల్లో పెంచిన 100 ఇప్పుడు పూర్తిగా పట్టసాగింది. రెండు నెలలకు రాత్రిళ్లు గుండె దడ, చేతి వేళ్లలో వణుకు. టీఎస్‌హెచ్ చూస్తే 0.1. డాక్టరు మళ్లీ 75కి దించారు. అలవాటు మారితే డోసు కూడా మారాల్సి రావచ్చు, అందుకే ముందుగా డాక్టరు చెవిన వేయాలి.

సన్నబడటానికి ఒక మాత్ర ఎక్కువ వేసుకునేవాళ్లకూ ఇదే ముప్పు. అతి డోసు గుండె లయ తప్పిస్తుంది, ఎముకలను గుల్ల చేస్తుంది.

అపోహ: "డోసు మార్చి పదిహేను రోజులైంది, టెస్టు చేయిద్దాం."

తొందర. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి ఇంకా ఎక్కువ. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. గర్భిణుల లెక్క వేరు. గర్భం అని తెలియగానే డాక్టరుకు చెప్పాలి, చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది. మొదటి నెలల్లో నాలుగు వారాలకోసారి పరీక్ష ఉంటుంది. అన్నట్టు, రిపోర్టు పక్కన అచ్చయ్యే 'నార్మల్' పరిధి గర్భిణికీ డెబ్బై దాటిన పెద్దావిడకూ ఒకేలా వర్తించదు.

అపోహ: "జుట్టు మాత్రలకూ థైరాయిడ్ పరీక్షకూ ఏం సంబంధం?"

చాలానే ఉంది. థైరాయిడ్ తగ్గితే జుట్టు రాలుతుంది, రాలుతోందని బయోటిన్ కొంటాం. ఆ బయోటిన్ కొన్ని ల్యాబుల పరీక్ష పద్ధతులను మోసగించి టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్‌ను ఎక్కువగా చూపిస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ దీనిపై 2017లోనే హెచ్చరించింది. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందే దాన్ని ఆపాలి, వాడుతున్న సంగతి డాక్టరుకు చెప్పాలి. ఇక ఆ రోజు థైరాయిడ్ మాత్రను రక్తం ఇచ్చాకే వేసుకుంటే మంచిది, లేకపోతే ఫ్రీ టీ4 కొన్ని గంటలపాటు ఎక్కువగా కనిపిస్తుంది.

"నార్మల్ వచ్చింది, ఇక మానేయొచ్చు" అనే మాట కూడా వింటుంటాం. నార్మల్ వచ్చింది మాత్ర వల్లే. కొందరిలో ఈ సమస్య తాత్కాలికం, నిజమే, కానీ ఆపాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి. థైరాయిడ్‌కు పడదంటారని క్యాబేజీ గురించి బెంగ పడక్కర్లేదు, ఉడికించి మామూలుగా తింటే ఏం కాదు.

డాక్టరు దగ్గరికి కొత్త రిపోర్టుతో పాటు పాతవీ పట్టుకెళ్లండి, వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. మందుల షాపులో బ్రాండు మార్చి ఇచ్చినా, వారంలో రెండు రోజులు మరిచిపోయినా దాచకండి. అది తెలియక డాక్టరు మరో పాతిక మైక్రోగ్రాములు పెంచేకంటే మీరు చీవాట్లు తినడమే నయం.

అత్తయ్య సీసా ఇప్పుడు మంచం పక్కన మంచినీళ్ల చెంబు దగ్గర ఉంటోంది. మాత్ర ఆరింటికి, కాఫీ ఏడింటికి. ఆ గంటసేపూ ఇంట్లో ఎవరూ ఆవిడను పలకరించరు.