పరారుణ టెలిస్కోపుకు చీకటి ఒక్కటే చాలదు

అపోహ: పరారుణ కిరణాలను వాతావరణం మింగేస్తుంది కాబట్టి నేల మీద నుంచి వాటిని పట్టలేం.

వాస్తవం: మింగేది ముఖ్యంగా నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు. అదీ అన్ని తరంగదైర్ఘ్యాల దగ్గరా కాదు. 1.25, 1.65, 2.2 మైక్రాన్ల దగ్గర దారి తెరిచే ఉంటుంది. వాటినే జె, హెచ్, కె బ్యాండ్లంటారు. ఎత్తైన పొడి ప్రదేశమైతే మరీ మేలు. లద్దాఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున, మన హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది.

అపోహ: ఆకాశం చీకటిగా ఉంటే చాలు, పని జరిగిపోతుంది.

వాస్తవం: అసలు కష్టమంతా ఇక్కడే. మామూలు ఉష్ణోగ్రతలో ఉన్న ఏ వస్తువైనా 10 మైక్రాన్ల దగ్గర బాగా వెలుగుతుంది. టెలిస్కోపు అద్దం, గోపురం, పైనున్న గాలి కూడా అంతే. ఆ వెలుగులో నక్షత్రాన్ని వెతకడం పట్టపగలు చుక్కల్ని లెక్కపెట్టడం లాంటిది. పరికరం తన వేడితో తనే మెరిస్తే ఇక కనిపించేదేముంది! అందుకే డిటెక్టరును, ఫిల్టర్లను గాలి తీసేసిన పాత్రలో పెట్టి బాగా చల్లబరుస్తారు. నైనితాల్ దగ్గరి దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోపుకు అమర్చిన టిర్‌కామ్-2 కెమెరా డిటెక్టరు హీలియం శీతలయంత్రంతో మైనస్ 238 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అంతటితో అయిపోదు. ఆకాశపు వెలుగు పిక్సెళ్లను ముంచేయకుండా 3.6 మైక్రాన్ల దగ్గర సెకను కూడా నిండని ఫ్రేములు వరసగా తీస్తారు. టెలిస్కోపును కాస్త పక్కకు జరిపి మళ్లీ తీస్తారు. ఒకదానిలోంచి ఇంకొకటి తీసివేస్తే ఆకాశం పోయి నక్షత్రం మిగులుతుంది. ఈ ఓపికను చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

అపోహ: ధూళి పరారుణాన్ని అసలు ఆపలేదు.

వాస్తవం: ధూళి అడ్డు తగ్గుతుంది, పూర్తిగా పోదు. పాలపుంత కేంద్రం నుంచి బయల్దేరిన మామూలు కాంతిలో లక్ష కోట్లకు ఒక్క ఫోటాన్ మనకు చేరుతుంది. 2.2 మైక్రాన్ల దగ్గర సుమారు పదింట ఒకటి చేరుతుంది.

అపోహ: జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు వచ్చాక నేల మీది పరికరాలతో పనిలేదు.

వాస్తవం: ఈ మాట వింటే బాధేస్తుంది. ఎస్2 అనే నక్షత్రం పాలపుంత కేంద్రం చుట్టూ 16 ఏళ్లకోసారి తిరుగుతోందని తేల్చింది హవాయిలోని కెక్, చిలీలోని యూరోపియన్ టెలిస్కోపుల పరారుణ పరికరాలే. 2020లో ఖగోళ శాస్త్రవేత్తలు గెంజెల్, గెజ్‌లకు నోబెల్ తెచ్చిపెట్టినది ఆ పనే. వెబ్ అద్దం 6.5 మీటర్లు, కెక్‌ది 10. పైగా నేల మీది కెమెరాను విప్పి కొత్త డిటెక్టరు బిగించవచ్చు. 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్న వెబ్‌కు ఆ వీలు లేదు.